మోటర్‌హోమ్‌కు చలి తగలకుండా

అమెరికాలోని కమ్మింగ్‌లో జనవరి శనివారం పొద్దున. ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలిపిన మోటర్‌హోమ్ లోపల, సింకు కింది అరలోకి నడుము దాకా దూరి పడుకుని ఉన్నాడు కిరణ్‌కుమార్. కాకినాడ నుంచి వచ్చిన అతని తల్లి విమలకుమారి సింకు ముందు నిలబడి ఉంది. భార్య హెప్సిబా బండి బయట, నీళ్ళ ట్యాంకు మూత దగ్గర ఉంది.

"అమ్మా, వచ్చిందా?"

"ఏంటి నాన్నా రావాల్సింది?"

"పింక్ కలర్. కుళాయిలోంచి పింక్ కలర్ రావాలని ఇందాకే కదా చెప్పాను."

"మామూలు నీళ్ళే వస్తున్నాయి. శుభ్రంగా ఉన్నాయి. తాగొచ్చు."

"తాగడానికి కాదమ్మా. పైపుల్లో చుక్క నీళ్ళు ఉండకూడదు. ఇవ్వాళ సాయంత్రం నుంచి ఫ్రీజింగ్. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, ఉబ్బితే పైపులు పగిలిపోతాయి. అందుకని ఉన్న నీళ్ళన్నీ తీసేసి, నీ కాళ్ళ దగ్గర జగ్గు ఉంది చూడు, అందులోది పంపుతో లాగించి ప్రతి పైపులోకీ ఎక్కిస్తాం. అది గడ్డకట్టదు. వింటరైజ్ చేయడం అంటే అదే."

"రోజ్ మిల్క్ లాగా ఉంది రా."

"తాగకు."

"తాగుతానని ఎవరన్నారు? రంగు చెప్పాను. మిషన్ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసినదాన్ని. సీసా మీద రాసింది చదవకుండా ఏదీ నోట్లో పోసుకోను."

"సరే, జగ్గులో తగ్గుతోందా?"

"లేదు. నిండుగా ఉంది."

"ఎందుకు తగ్గట్లేదు? పంపు తిరుగుతోంది, బల్ల కింద వాల్వు కూడా ట్యాంకు నుంచి జగ్గు వైపుకి నేనే తిప్పాను, టార్చి తేవడానికి వెళ్ళే ముందు. లాగాలే."

"మొహమాటపడుతోందేమో."

"అమ్మా, అది పంపు. హెప్సీ, నువ్వు చెప్పు. ట్యాంకు ఖాళీ అయ్యిందా?"

"కారుతూనే ఉందండీ."

"ఇంకానా? ఆగస్టులో మొత్తం ఖాళీ చేసే స్టోరేజీలో పెట్టాం. ఇన్ని నీళ్ళు ఎక్కడివి?"

"వానలు పడ్డాయి కదండీ."

"ట్యాంకులోకి వాన ఎలా వెళ్తుంది?"

"నాకేం తెలుసు, ఇంజనీరు మీరు."

"ఎక్కడో లీక్ ఉండాలి. బయటి నుంచి లోపలికి లీక్. ఇంటరెస్టింగ్. మా మోటర్‌హోమ్‌ల ఫోరమ్‌లో పోస్ట్ చేయాలి. గీజర్ బిరడా విప్పావా?"

"ఇంకా చల్లారలేదండీ."

"చల్లారకపోవడం ఏంటి? దాన్ని ఎవరు వేశారు?"

"ఎండకి వేడెక్కినట్టుంది."

"జనవరి ఎండకా?"

"అత్తయ్యా, ఒకసారి ఇలా కిటికీ దగ్గరికి వస్తారా?"

"వచ్చానమ్మా. మెల్లిగా మాట్లాడు."

"పంపు చప్పుడులో ఆయనకేం వినపడదు. ట్యాంకు మూత మళ్ళీ బిగించేశాను. సగం మిగిలాయి. చాలా?"

"సగం చాల్లే. దారిలో పట్టుకుందాం."

"అమ్మా, ఏంటా గుసగుసలు?"

"ఏం లేదు నాన్నా. బయట చలిగా ఉంది, అమ్మాయి శాలువా అడుగుతోంది."

"నువ్వు కిటికీ దగ్గరే ఉన్నావు కదా, ఆ పక్కనే ఫ్రిజ్. దాని తలుపు తీసి పెట్టు. చలికాలమంతా తెరిచే ఉంచాలి, లేకపోతే లోపల బూజు పడుతుంది."

"తర్వాత తీద్దాంలే."

"తర్వాతంటే మర్చిపోతాం. ఇప్పుడే తీయి."

"బిగుసుకుపోయింది రా."

"బిగుసుకోవడం ఏంటి, ఉండు, నేను తీస్తాను."

"నువ్వు లేవకు. లేస్తే నడుం పట్టేస్తుంది, మళ్ళీ నేనే జెండూబామ్ రాయాలి. పడుకో."

"చేపల వాసన వస్తోందేంటమ్మా?"

"ఎక్కడ?"

"ఫ్రిజ్ వైపు నుంచే."

"పక్కింటివాళ్ళు వండుకుంటున్నారేమో."

"పక్కింటివాళ్ళు గుడ్డు కూడా తినరమ్మా."

"అయితే ఇటుపక్క వాళ్ళు."

"హెప్సీ, శ్రీకాంత్ ఏడీ? ఇంత బండి స్టోరేజీ నుంచి తోలుకొచ్చి పెట్టాడు, కనీసం థ్యాంక్స్ చెబుదామంటే కనపడలేదు."

"పొద్దున్నే తెచ్చిపెట్టి వెళ్ళిపోయాడండీ. మీరు స్నానంలో ఉన్నారు."

"కాఫీ అన్నా ఇచ్చావా?"

"ఇచ్చాను, ఇచ్చాను."

"అసలు నేనే తెచ్చేవాణ్ణి. టైర్ ప్రెషర్ చూసుకోకుండా నేను బండి తీయను. అది నా ప్రిన్సిపుల్."

"అవునండీ."

"లేబర్ డేకి వెళ్దామనుకున్నాం, గాలి లేచింది. ఇంత ఎత్తు బండికి పక్కగాలి తగిలితే ఎంత డేంజరో తెలుసా? థ్యాంక్స్‌గివింగ్‌కి ట్రాఫిక్. క్రిస్మస్‌కి..."

"క్రిస్మస్‌కి జింకలన్నారు."

"జింకలు రోడ్డెక్కే సీజనే అది. నవ్వుతున్నావా నువ్వు? ఫోరమ్‌లో నన్ను మోడరేటర్‌ని చేశారంటే ఊరికే చేశారా? మొన్న మాంటానా నుంచి ఒకాయన, జీవితమంతా మోటర్‌హోమ్‌లు తోలినవాడు, మంచులో బ్రేకు ఎలా వేయాలని నన్నే అడిగాడు."

"చెప్పారా?"

"వివరంగా చెప్పాను. థ్యాంక్స్ అని రాశాడు కూడా."

"మా అబ్బాయి అంతేనమ్మా హెప్సీ. చిన్నప్పుడు ఈత గురించి పుస్తకం చదివి, మా వీధి పిల్లలందరినీ అరుగు మీద పడుకోబెట్టి నేర్పాడు."

"అమ్మా, ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"వాళ్ళందరికీ వచ్చింది నాన్నా. అదే చెప్తున్నాను."

"ఫోన్ మోగుతోంది. నా చేతులు తడిగా ఉన్నాయి. అమ్మా, కాస్త ఎత్తి స్పీకర్‌లో పెట్టు. ఎవరు?"

"శ్రీకాంత్ అని పడింది. తర్వాత మాట్లాడుదువుగానీలే."

"పెట్టమ్మా. హలో శ్రీకాంత్, థ్యాంక్స్ రా."

"థ్యాంక్స్ ఏందన్నా, సారీ చెప్దామని చేసిన. పొద్దుగాల లేవలే. ఇప్పుడే లేచిన. బండి ఎప్పుడు తేవాలె?"

"బండి ఇక్కడే ఉంది కదా. నువ్వే కదా తెచ్చావు?"

"నేనా? నేనింకా పండ్లు కూడ తోముకోలేదన్నా. ఒక్క నిమిషం, మా ఇంటామె మీనాక్షి ఏందో అంటాంది. ఆఁ? ఏంది? ఓ. అన్నా, నేనే తెచ్చిన. పొద్దుగాలనే తెచ్చిన. మర్చిపోయిన. ఉంట మరి."

"శ్రీకాంత్. హలో. పెట్టేశాడు."

"పాపం నిద్రమత్తులో ఉన్నాడు నాన్నా."

"అమ్మా, పంపు ఆపు. హెప్సీ, లోపలికి రా ఒకసారి."

"వచ్చాను, చెప్పండి."

"బండి ఎవరు తెచ్చారు?"

"ముందు మీరు ఆ అరలోంచి బయటికి రండి. తల తగిలించుకుంటారు."

"ఎవరు తెచ్చారు?"

"నేనే."

"నువ్వేంటి?"

"నేనే తోలుకొచ్చాను. స్టోరేజీ నుంచి ఇక్కడిదాకా."

"నీకు మన వ్యాన్ పార్క్ చేయడమే రాదు కదా."

"వచ్చండీ. మీరు పక్కన కూర్చుంటే రాదు."

"ఇంత బండి నీకెవరు నేర్పారు?"

"మీనాక్షి. తను స్కూలు బస్సు తోలుతుంది కదా. ఈ బండిని స్టోరేజీ నుంచి చర్చి పార్కింగ్ లాట్‌కి తను తెచ్చేది, అక్కడ నేను తిప్పేదాన్ని."

"చర్చిలో మంగళవారాలు కాయర్ ప్రాక్టీసు అన్నావు."

"మొదట్లో కాయరే."

"అమ్మా, నీకు తెలుసా ఇదంతా?"

"తెలియకపోవడం ఏంటి, పక్క సీట్లో నేనే కదా. బండి వెనక్కి తీసేటప్పుడు రావచ్చు, రావచ్చు అని చెప్పేది ఎవరనుకున్నావు?"

"నాకు ఒక్క మాట చెప్పలేదు నువ్వు."

"నువ్వు అడగలేదు నాన్నా."

"జరుగు. ఆ ఫ్రిజ్ ముందు నుంచి జరుగమ్మా."

"జరిగాను."

"ఇదేంటి? చేపల పులుసు. ఇడ్లీ పిండి. పెరుగు. కోడి వేపుడు. ఆవకాయ. ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రావట్లేదండీ. మేమే వెళ్తున్నాం."

"ఎక్కడికి?"

"సముద్రానికి. పెన్సకోలా దగ్గర బీచ్ పక్కనే చోటు బుక్ చేశాను. ఇప్పుడు బయలుదేరితే రాత్రి భోజనాల వేళకి చేరతాం."

"ఇవ్వాళా? ఇవ్వాళ ఫ్రీజ్ వార్నింగ్ ఉంది. పైపులు పగిలిపోతాయి."

"ఇక్కడుంటే పగులుతాయి. అక్కడ గడ్డకట్టదు. పైపుల్ని కాపాడ్డానికి మీ పద్ధతి ఒకటి, మా పద్ధతి ఒకటి."

"అంటే ట్యాంకు నింపింది నువ్వేనా?"

"మరి వానా?"

"గీజర్?"

"వేసి చూశాను. బాగా కాగుతున్నాయి నీళ్ళు."

"మరి నేను వాల్వు తిప్పాక కూడా జగ్గులోది ఎందుకు లాగలేదు?"

"నువ్వు టార్చి కోసం వెళ్ళగానే నేను వెనక్కి తిప్పాను నాన్నా. సెలైన్ ఎలా ఆపాలో నర్సుకి ఎవరూ నేర్పక్కర్లేదు."

"ఇంతసేపు నన్ను సింకు కింద పడుకోబెట్టి..."

"నువ్వే వెళ్ళి పడుకున్నావు రా. మేం పొద్దున్నే వెళ్ళిపోదామనుకున్నాం. నువ్వు స్నానం చేసి వచ్చి ఆ జగ్గు పట్టుకుని లోపల దూరావు. నిన్ను కాళ్ళు పట్టి లాగలేక ఊరుకున్నాం."

"హెప్సీ, నీకు సరదాగా ఉంటే నువ్వు చేసుకో. పెద్దావిడని ఎందుకు లాగావు ఇందులోకి?"

"అమ్మాయి నన్ను లాగలేదు నాన్నా, నేనే అమ్మాయిని లాగాను. మీనాక్షితో మాట్లాడింది నేనే. ఆ బీచ్ పక్కన చోటు ఎంచింది నేనే."

"నువ్వామ్మా?"

"వచ్చే శనివారం నా ఫ్లైటు, గుర్తుందా? వచ్చి ఆర్నెల్లు కావస్తోంది. ఏం చూశాను? కాస్ట్‌కో షాపు, చర్చి, మీ బేస్‌మెంటు. కాస్ట్‌కోలో ముక్కలు రుచి చూపించే ఆవిడ నన్ను గ్రాండ్‌మా అంటోంది. ఊరెళ్తే అమెరికా ఎట్లా ఉంది విమలమ్మా అని చర్చిలో అందరూ అడుగుతారు. ఏం చెప్పమంటావు? సింకు కింద మావాడి కాళ్ళు చూసొచ్చానని చెప్పనా?"

"అమ్మా, సముద్రం కాకినాడలో లేదా?"

"ఉంది. కాకినాడలో చర్చి కూడా ఉంది, ఇక్కడ చర్చికి వెళ్ళట్లేదా? ఈ బండి కొన్నప్పుడు ఫోన్‌లో ఏమన్నావు? అమ్మా, తలుపు తీస్తే అలలు కనపడేచోట నిలబెడతాను, నువ్వు మెట్టు మీద కూర్చుని టీ తాగుదువుగాని అన్నావు. ఆ మాట పట్టుకుని హైదరాబాద్ వెళ్ళి కాన్సులేట్‌లో నిలబడ్డాను. ఆ తెల్లమ్మాయి ఎందుకెళ్తున్నారని అడిగితే, సముద్రం చూడ్డానికి అన్నాను. నవ్వి వీసా ఇచ్చింది."

"తీసుకెళ్తాననే కదా అంటున్నాను. వద్దన్నానా? తీసుకెళ్ళేవాణ్ణి."

"ఏవండీ."

"ఏంటి?"

"కొన్న రోజు ఈ బండిని ఇంటికి తెచ్చింది ఎవరు?"

"ఎవరేంటి? నేనే. అందరికీ తెలుసు."

"ఏవండీ."

"హైవే ఎక్కేదాకా నేనే."

"ఎక్కాక?"

"ఎక్కాక పక్క నుంచి ఒక ట్రక్కు పోయింది. బండి మొత్తం ఊగింది హెప్సీ. ఊరికే ఊగడం కాదు, ఎవరో చెయ్యి పెట్టి పక్కకి నెట్టినట్టు. ఎగ్జిట్ తీసుకుని గ్యాస్ స్టేషన్‌లో పెట్టేసి శ్రీకాంత్‌కి ఫోన్ చేశాను. వాడు చెప్పాడా నీకు?"

"మీనాక్షి చెప్పింది. ఆగస్టులోనే."

"అప్పటి నుంచి తెలిసీ ఊరుకున్నావా?"

"మీరే చెప్తారేమోనని చూశాను. గాలి దాకా చూశాను, ట్రాఫిక్ దాకా చూశాను. జింకల దగ్గర ఇంక లాభం లేదనుకున్నాను."

"ఎంత నవ్వుకుని ఉంటారో ఇద్దరూ."

"నవ్వలేదండీ. మొదటిరోజు నాకూ అంతే. ఖాళీ పార్కింగ్ లాట్‌లో, ఎదురుగా ఏమీ లేదు, అయినా కాలు బ్రేకు మీద నుంచి తీయలేకపోయాను. అత్తయ్య పక్కన కూర్చుని పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేసరికి లాటు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాం."

"అంతేనా? పాటేనా?"

"అంతే."

"ఫోరమ్‌లో ఎవరూ రాయలేదు అది."

"నాన్నా, భయపడితే తప్పేంటి రా? ఆపరేషన్‌కి ముందు పెద్ద పెద్ద డాక్టర్లు వరండాలో చేతులు నలుపుకోవడం నేను చూళ్ళేదా? చెప్తే పోయేది. నువ్వు చెప్పకుండా టైర్లు కొలిచావు."

"సరే. నేనూ వస్తాను."

"నిజంగానా అండీ?"

"నిజంగానే. నువ్వే తోలు. నేను వెనక కూర్చుంటాను. ఏమీ మాట్లాడను."

"ఏమీ మాట్లాడకుండా వస్తారా?"

"ఏమీ మాట్లాడను. హైవే మీద లేన్ మారేటప్పుడు మాత్రం ఒక్క..."

"ఏవండీ."

"సరే, అది కూడా మాట్లాడను. మరి సాయంత్రానికల్లా డ్రైవ్‌వే ఖాళీ చేయాలని మన కాలనీ సంఘం, హెచ్‌ఓఏ వాళ్ళు మెయిల్ పెట్టారు, దానికి కూడా సమాధానం దొరికినట్టే. అమ్మా, కోపంగా ఉన్నావా నా మీద?"

"కోపమెందుకు నాన్నా. వెళ్ళు, బట్టలు సర్దుకో."

"రెండు నిమిషాలు. చలికోటు ఒకటి. బండి సమంగా నిలబెట్టడానికి చక్రాల కింద పెట్టే బ్లాకులు కావాలి, అవి గ్యారేజీలో ఉన్నాయి. కరెంటు ఎక్కువ తక్కువ అవకుండా సర్జ్ ప్రొటెక్టర్. టైర్ గేజీలు రెండున్నాయి, ఏది కరెక్టుగా చూపిస్తుందో టెస్ట్ చేసి తెస్తాను. అక్కడ నీళ్ళ ప్రెషర్ ఎక్కువుంటే దానికి రెగ్యులేటర్. ల్యాప్‌టాప్. ఫోరమ్‌లో ఎవరైనా అర్జెంటుగా అడిగితే మళ్ళీ ఇబ్బంది."

"అన్నీ తెచ్చుకో. తొందరేం లేదు."

"అన్నట్టు మన ఇంటి పైపులు. బయటి కుళాయికి గుడ్డ చుట్టకుండా వెళ్ళలేం కదా."

"చుట్టు నాన్నా. బాగా గట్టిగా చుట్టు."

"రెండే రెండు నిమిషాలు. ఇంజన్ వేసి వేడెక్కనివ్వండి, వచ్చేస్తాను."

"వెళ్ళు నాన్నా, వెళ్ళు."

"అత్తయ్యా, నాకు ఏడుపొస్తోంది. ఆయన నోటితో ఆయన చెప్పేశారు చూశారా?"

"చూశాను. మంచిదే. ఎక్కడున్నాడు ఇప్పుడు?"

"గ్యారేజీలోకి వెళ్ళారు. పెట్టెలు దించుతున్న చప్పుడవుతోంది."

"ఆ రోజ్ మిల్క్ జగ్గు?"

"కింద పెట్టేశాను, మెట్ల పక్కన."

"బయటి తలుపు వేశావా?"

"వేశాను. నీళ్ళ పంపు కూడా ఆఫ్ చేశాను."

"అయితే బెల్టు పెట్టుకో. ప్రార్థన చేసుకుందాం. నువ్వు కళ్ళు మూసుకోకు, అద్దంలో చూస్తూ ఉండు. కృపగల మా పరలోకపు తండ్రీ, ఈ ప్రయాణాన్ని నీ చేతులకు అప్పగించుకుంటున్నాం. నీ కుమార్తె హెప్సిబా చేతులను స్టీరింగు మీద బలపరచుము. తొందరపడే వాహనముల నుండి, దారి తప్పించే ఫోనుల నుండి మమ్మల్ని కాపాడుము."

"ఆమేన్."

"ఇంకా అవ్వలేదు. మేము తిరిగి వచ్చు వరకు ఈ ఇంట్లో ఒంటరిగా ఉండబోవు నీ కుమారుడు కిరణ్‌కుమార్‌ను నీ రెక్కల చాటున భద్రపరచుము ప్రభువా."

"అత్తయ్యా, ఆయన వస్తానన్నారు కదా?"

"అన్నాడమ్మా. వాడు సర్దుకునేసరికి ఎండాకాలం వచ్చేస్తుంది. ఆమేన్ అని బండి తియ్యి."